డైలాగుల అల్లుడు

ఈ వారం ఉత్తరం బరంపురం నుంచి వచ్చింది. రాశారు అనకూడదేమో. ఫోనుకు చెప్పి, ఫోను చేత రాయించి పంపారు. అందువల్ల కాబోయే మామగారు రెండుచోట్ల 'మామిడిగారు' అయ్యారు. నిశ్చితార్థం ఒకచోట 'నిశ్చింతార్థం' అయింది. ఆ రోజు జరిగింది చదివాక అది ఫోను పొరపాటో, వేళాకోళమో నాకు తేలలేదు. ఉత్తరం చాలా పొడవు, కుదించి చెబుతాను.

ఆయనకు 28 ఏళ్లు. ముత్తాతల కాలం నుంచి కుటుంబం బరంపురంలోనే ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసులో ఒడియా, ఇంగ్లిషు. తెలుగు మాట్లాడతారు గానీ ఒక్క అక్షరం చదవలేరు. ఆయన లెక్క ప్రకారం ఆయన తెలుగులో సగం నానమ్మ దగ్గర నేర్చుకున్నది, సగం సినిమాల్లో నేర్చుకున్నది. పెద్ద సినిమా విడుదలైతే మేనమామతో కలిసి సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వెళ్లి, మొదటి ఆట చూసి, రాత్రికి ఇల్లు చేరేవారు. వీధిలో తెలుగు పాటలకు ఆయనే వ్యాఖ్యాత. 2023 మార్చిలో తెలుగు పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు ఒడియా మిత్రులంతా చుట్టూ చేరి, పల్లవిలోని ఆ ఒక్క మాటకు అర్థం అడిగితే, నాటు కోడి దగ్గర మొదలుపెట్టి వరినాట్ల దాకా వెళ్లి అరగంట చెప్పారట. 'ఆ రోజు మా వీధిలో నేనే తెలుగు పండితుణ్ణి' అని రాశారు.

శ్రావణంలో తణుకు అమ్మాయితో నిశ్చితార్థమైంది. పెళ్లి మాఘంలో. నిశ్చితార్థం రోజు భోజనాల దగ్గర అత్తగారు గారెల పళ్లెంతో వచ్చి "ఇంకొకటి వేసుకోండి బాబూ" అన్నారు. అప్పటికే నాలుగు తిన్నారు. వద్దని మర్యాదగా చెప్పాలి. ఎలా చెప్పాలో తోచలేదు. విస్తరికి అడ్డం పెట్టవలసిన చెయ్యి గాల్లోకి లేచింది, గొంతు దానంతట అదే బరువెక్కింది. "నాకు కావలసింది నేనే తీసుకుంటాను. ఇంకొకరు పెట్టే అవసరం రాదు" అనేశారు. పంక్తిలో అందరి చేతులూ ఆగిపోయాయి. వెళ్లేటప్పుడు సరిచేద్దామని గుమ్మం దగ్గర మామగారి కళ్లలోకి చూసి "మళ్లీ వస్తాను. గుర్తుపెట్టుకో" అన్నారు. పదిహేడేళ్ల బావమరిది ఈ రెండింటినీ ఫోనులో పట్టాడు, వెనక సంగీతం కలిపాడు, కుటుంబం వాట్సాప్ గుంపులో పెట్టాడు. అప్పటి నుంచి తణుకులో ఆయన పేరు డైలాగుల అల్లుడు.

అసలు కష్టం ఇది కాదు. ఆ అమ్మాయి రోజూ రాత్రి పొడవైన సందేశాలు పంపుతుంది. అన్నీ తెలుగు అక్షరాల్లో. చదవడం రాదని ఈయన చెప్పలేదు. సందేశాన్ని ఫోనుకు ఇచ్చి చదివించుకుంటారు. బండి ఆలస్యమని స్టేషనులో చెప్పే గొంతు ఉంటుంది చూడండి, ఆ గొంతు వెన్నెల గురించి, చేమంతుల గురించి చెబుతుంది. ఒకరోజు బస్సులో చెవిలో పెట్టుకున్న పరికరానికి ఛార్జింగ్ అయిపోయింది. "నిన్న రాత్రి మీరు కలలోకి వచ్చారు. మీసం తీసేసి ఉన్నారు. భయపడ్డాను" అని ఫోను బస్సంతా వినిపించేలా చదివింది. బరంపురం బస్సులో తెలుగు తెలియనివాళ్లు ఎంతమంది ఉంటారు? దిగేటప్పుడు ఒక పెద్దాయన భుజం తట్టి "మీసం ఉంచండి బాబూ" అన్నారట.

తిరిగి రాయాలంటే ఫోను మళ్లీ మామిడిగారంటుందని భయం. అందుకని జవాబుగా కథానాయకుల కదిలే బొమ్మలు పంపుతున్నారు. మూడు నెలలుగా ఇదే. వచ్చే వారం శుభలేఖ నమూనా వస్తుంది, తప్పులుంటే చూసి చెప్పమని మామగారు ప్రత్యేకంగా ఈయనకే అప్పగించారు. అమ్మగారేమో 'వాళ్లు అడగలేదు, మనం చెప్పలేదు, ఇందులో అబద్ధమేముంది' అంటున్నారు. స్నేహితుడు పెళ్లయ్యాక చెప్పమంటున్నాడు. చెప్పాలా, మానాలా, అత్తవారి ముందు తెలుగు మాట్లాడటమే మానేయాలా అని అడుగుతున్నారు. చివర ఆ అమ్మాయి సందేశాలు మూడు అతికించి, వాటి అర్థం సరిగ్గానే తెలిసిందో లేదో చూడమన్నారు.

బాబూ, ముందుగా ఒక మాట. ఇదీ మీకు ఫోనే చదివి వినిపించాలి కాబట్టి, బస్సులో ఉంటే ఇక్కడే ఆపి, ఇంటికి వెళ్లి తలుపు వేసుకుని వినండి.

తేలిక విషయం ముందు తేల్చేద్దాం. గారెల దగ్గర మీరు చేసినది అహంకారం కాదు, పొగరు కాదు. మీ దగ్గర ఉన్న తెలుగులో ఆ వాక్యం లేదు, అంతే. మీ ఉత్తరం చదువుతూ ఒక లెక్క వేశాను. నానమ్మ మిమ్మల్ని 'నువ్వు' అంటారు, మీరూ ఆమెను 'నువ్వు' అంటారు. ఇంట్లో అంతా అంతే. మర్యాద కావలసిన చోటల్లా, అంటే మేష్టారితో, డాక్టరుతో, ఆఫీసులో పెద్దవాళ్లతో, మీరు ఒడియాలోకి వెళ్లి 'ఆపణ' అంటారు. అంటే మీ జీవితంలో గౌరవమంతా ఒడియాలోనూ, చనువంతా తెలుగులోనూ ఉండిపోయింది. మిగిలింది సినిమా. సినిమా కథానాయకుడు ప్రేమిస్తాడు, శపథం చేస్తాడు, శత్రువును గుమ్మం దగ్గర నిలబెట్టి హెచ్చరిస్తాడు. "చాలండి, కడుపు నిండిపోయిందండి, కాస్త మజ్జిగ పోయించండి" అని అనడు. మూడు గంటల సినిమాలో అతను సరిగ్గా భోజనం చేయగా నేను చూడలేదు. విస్తరి ముందు కూర్చుంటాడు, వెంటనే ఎవరో వచ్చి బల్ల తన్నేస్తారు. ఇక మీకు గారె వద్దనడం ఎవరు నేర్పుతారు?

పైగా అల్లుడిగా వెళ్లింది తణుకు. ఆ వైపు 'అండి' లేని మాట ఉప్పు లేని పప్పు. కూరలమ్మే ఆమెను కూడా అండి అంటారు, తిట్టినా అండి చేర్చి తిడతారు. అటువంటి ఇంట్లో మీరు మామగారిని 'గుర్తుపెట్టుకో' అన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నారంటే మీ మీద అప్పటికే ఇష్టం కలిగిందని అర్థం.

మీరు మధ్యమధ్య 'హవు' అన్నప్పుడు ఆయన 'బాబు హైదరాబాదులో చదువుకున్నట్టున్నాడు' అన్నారని కూడా రాశారు. ఒడియాలో సరేనన్నట్టు అనే మాట, తెలంగాణలో అవునన్నట్టు అనే 'హౌ'లా ఆయన చెవికి తగిలింది. ఇటువంటివి సరిహద్దువాళ్లకు బాగా అలవాటే. మా నాన్నగారి ఉద్యోగం వల్ల నేను రాయగడలో పదేళ్లు పెరిగాను. సెలవులకు విజయనగరం వెళ్లి, రిక్షా అత్తయ్య ఇంటి ముందుకు రాగానే 'ఏఠి, ఏఠి' అని అరిచాను, ఇక్కడ ఆపమని. రిక్షా అతను వెనక్కి తిరిగి 'ఏటి, ఏటి' అంటూ, ఏమిటో చెప్పమని నన్నే అడుగుతూ తొక్కుకుంటూ పోయాడు. ఇద్దరం ఒకే మాట అనుకుంటూ వీధి చివరి దాకా వెళ్లాం.

డైలాగుల అల్లుడనే పేరు గురించి. బావమరిదిని ఆ వీడియో తీసేయమనవచ్చు. తీసేస్తాడు, ఆ సంగతి మీద ఇంకొకటి చేస్తాడు. పదిహేడేళ్ల కుర్రవాడి చేతిలో ఫోను, ఎదురుగా కొత్త బావ, వాడికి ఇంతకంటే పండగ ఏముంటుంది? రెండో దారి మీరన్నదే, తణుకులో తెలుగు మాట్లాడకుండా ఉండటం. దానికంటే గారె డైలాగే నయం. మాట్లాడని అల్లుణ్ణి చూసి ఎవరూ పాపం అనుకోరు, ఏదో మనసులో పెట్టుకున్నాడనుకుంటారు. కట్నం దగ్గర తేడా వచ్చిందా అని మామగారు రాత్రిళ్లు నిద్ర మానుకుంటారు. మూడో దారి, ఆ పేరు మీరే పుచ్చుకోవడం. ఈసారి వెళ్లినప్పుడు గారె వడ్డించే వేళకు అదే చెయ్యి, అదే గొంతుతో మొదలుపెట్టి "నాకు కావలసింది..." అని ఆగి, "ఇంకో రెండు గారెలండి" అనండి. ఆ ఇంట్లో మీకు తిరుగుండదు. కానీ ఒక్కసారే. రెండోసారి అంటే నవ్వు వస్తుంది, మూడోసారి అంటే జాలి వస్తుంది.

ఇది మీ ఊరివాళ్లకు నేను చెప్పాలా? రెండేళ్లకొకసారి మీ బుఢీ ఠాకురాణి యాత్రలో ఊరంతా వేషాలు కడుతుంది. పులి వేషం కట్టినవాడు వీధిలో గాండ్రిస్తాడు, పిల్లలు గోడలెక్కుతారు, అది అమ్మవారి మొక్కు. అదే మనిషి ఇంటికి వచ్చాక రంగు కడుక్కుని, అన్నంలోకి ఏముందని అడుగుతాడు. పులి గొంతుతో అడగడు. మీరు గారెల పంక్తిలో రంగు కడుక్కోవడం మరిచిపోయారు.

ఇక మీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఒకటుంది. 'మాది అసలు తెలుగు కాదులెండి, బరంపురం తెలుగు' అని మూడుసార్లు రాయించారు. ఎవరు చెప్పారు? వి.వి.గిరి 1894లో పుట్టింది మీ బరంపురంలో, తెలుగు ఇంట్లో. ఆయన రాష్ట్రపతి అయ్యారు. మాట్లాడే తెలుగే రాయాలని జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి, పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. ఆయన సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసిందీ అక్కడ ఉండగా మొదలైన పనే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు ఆయన రాజమండ్రి వచ్చేశారు. ఈ రోజు తణుకులో మీ బావమరిది గ్రాంథికం కాకుండా మామూలు తెలుగులో పరీక్ష రాస్తున్నాడంటే, దాని వెనక మీ వైపు నుంచి వచ్చిన ఒక మేష్టారి పంతం ఉంది. ఈ సంగతి వాడికి చెప్పండి. ఎలాగూ దాని మీదా ఒక వీడియో చేస్తాడు.

అసలు కష్టానికి వద్దాం. దాచిపెట్టి, మాఘం లోపు గుట్టుగా చదవడం నేర్చుకోవడం ఒక మార్గం. మీరు ఇప్పటికే ఆ ఆలోచనలో ఉన్నారు, ఎంతకాలం పడుతుందని అడిగారు కూడా. ఒడియా చదివినవారికి ఇది కొత్త చదువు కాదు. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ, అదే వరస. గుణింతం పద్ధతీ అదే, ఒత్తుల పద్ధతీ దాదాపు అదే. మారేది ఆకారం ఒక్కటే. రోజూ గంట కూర్చుంటే ఆరేడు వారాల్లో దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదువుతారు. చిక్కులు వేరేచోట ఉన్నాయి. ఒడియాలో ఎ, ఏలకు ఒకే అక్షరం. ఒ, ఓలకూ ఒకటే. తెలుగులో అవి విడివిడి. ఇ, ఈలకు ఒడియాలో రెండు అక్షరాలున్నా పలకడంలో ఆ తేడా లేదు కాబట్టి, 'చీర' అని ఉన్నచోట మీరు పొట్టిగా 'చిర' అని వెళ్లిపోతారు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం మన సున్నా. ఒడియాలో గుండ్రంగా ఉండేది 'ఠ' కదా, తెలుగు మాట చివర సున్నా కనిపించగానే మీ కన్ను ఠ అంటుంది. అన్నం అన్నఠ అవుతుంది. కొన్నాళ్లు అలాగే తినండి.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్నారు. మీ ఇంట్లోనే ఉన్నారు కదా. నానమ్మ రోజూ పొద్దున్నే తెలుగు పుస్తకంలో విష్ణు సహస్రనామం చదువుతారని మీరే రాశారు. చూసి చదువుతారో, కంఠతా వచ్చి పేజీలు తిప్పుతారో తెలియదు గానీ అక్షరాలు వచ్చిన మనిషి. ఆమెను అడగకపోవడానికి మీరు చెప్పిన కారణం, సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుందని. తెలుస్తుంది. పెళ్లికొడుకు పలక పట్టాడని నాలుగు రోజులు నవ్వుతారు. బస్సులో మీసం సంగతి తెలిసిన ఊరు, దీనికి కొత్తగా నవ్వేదేముంది? నానమ్మ దగ్గర కూర్చుంటే అక్షరాలతో పాటు మరొకటి దొరుకుతుంది. పూర్వం ఇంటికి వచ్చిన పెద్దవాళ్లతో ఎలా మాట్లాడేవారో, వియ్యాలవారిని ఎలా పలకరించేవారో ఆమెకు వచ్చు. మీతో ఆ మాటలు వాడే అవసరం రాలేదంతే. అడిగి చెప్పించుకోండి.

కానీ గుట్టుగా నేర్చుకునే ఈ పథకానికి వచ్చే వారమే గండం ఉంది. శుభలేఖ. బోర్డు చదవడం వేరు, శుభలేఖ చదవడం వేరు. మొదటి వాక్యంలోనే 'జ్యేష్ఠ పుత్రుడు' ఉంటుంది. అందులో మొదటి మాట దాటడానికి మీకు ఒక పూట పడుతుంది. తర్వాత 'చి.ల.సౌ.' అని వస్తుంది, అది ఏ భాషో తెలుగువాళ్లకే అనుమానం. పూల బొమ్మల మధ్య వంకీలు తిరిగిన అక్షరాలను మీ ఫోను కూడా సరిగ్గా పట్టుకోలేదు. మీ ఇంటిపేరులో ఒక 'ళ' ఉందన్నారు. అది 'ల'గా అచ్చయి, మీరు 'అంతా బాగుంది' అని బొటనవేలి బొమ్మ పంపితే, అయిదువందల కార్డులు అచ్చయ్యాక ఆ తప్పు ముందుగా కనిపెట్టేది మీ నాన్నగారు. అప్పుడు నిజం అచ్చు కాగితం మీద బయటపడుతుంది, అదీ రెండు కుటుంబాల మధ్య. నమూనాను నానమ్మకు చూపించి ఈ ఒక్క గండం దాటవచ్చు. దాటితే ఆ ధైర్యంతో మళ్లీ దాచిపెడతారు, అదే నా భయం.

పెళ్లయ్యాక చెప్పమన్న మీ స్నేహితుడికి పెళ్లయిందా? నాకు అనుమానమే. అప్పుడు చెబితే ఆ అమ్మాయి కోప్పడేది మీకు చదువు రాదని కాదు. తను ఒక్కరికే రాసుకున్నవి ఒక యంత్రం గొంతులో, బహుశా బస్సులో, ఎవరెవరో విన్నారని. ఇన్ని నెలల సందేశాలూ వెనక్కి తిరగేసి, వేటికి మీరు ఏ బొమ్మ పంపారో చూసుకుంటుంది. ఇప్పుడు చెప్పినా ఆ పని చేస్తుంది. తేడా ఏమిటంటే, ఇప్పుడు తణుకులో తన గదిలో కూర్చుని చేస్తుంది, కోపం తీరే దాకా మీకు ఫోను చేయకుండా ఉండగలదు. అప్పుడైతే కొత్త ఊళ్లో, కొత్త ఇంట్లో, మీ ఎదురుగా చేయాలి. అమ్మగారి మాట, అడగలేదు చెప్పలేదు అన్నది, సంబంధం మాట్లాడిన రోజుకు సరిపోయింది. మొదటి బొమ్మ పంపిన రోజు నుంచి సరిపోదు.

ఇప్పుడు ఆ మూడు సందేశాలు. వీటి దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను.

మొదటిది, "అమ్మ మీకోసం ఉసిరికాయ పచ్చడి పెడుతోంది. కారం ఎంత వేయమంటారు?" మీరు గుండె గుర్తు పంపారు. దానికి ఎన్ని గరిటెల కారమో మీ అత్తగారు ఎలా లెక్కవేశారో జాడీ మూత తీసినప్పుడు తెలుస్తుంది. పక్కన పెరుగు పెట్టుకోండి.

రెండోది, "ఈ రోజు బడిలో రాజీనామా ఇచ్చాను. ఆరేళ్లు అక్కడే పనిచేశాను కదా, పిల్లలు గేటు దాకా వచ్చారు." మీకు ఫోను చదివినప్పుడు 'పిల్లలు గేటు దాకా వచ్చారు' ఒక్కటే తెలిసిందని రాశారు. ఏదో బడి పండగ అనుకుని, రంగుల చొక్కాలో గంతులేసే కథానాయకుణ్ణి పంపారు.

మూడోది ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను. "అక్కడ బస్సుల మీద, కొట్ల మీద బోర్డులన్నీ ఒడియాలోనే ఉంటాయట, నాన్నగారు చెప్పారు. నవ్వకండి, నాకు కొంచెం భయంగా ఉంది. ఒక్కదాన్నే బజారుకు వెళితే ఇంటికి తిరిగి రాగలనా?" దీనికి మీరు పంపింది, వెనక జీపులు గాల్లోకి లేస్తుంటే చొక్కా పట్టీ ఎగరేసుకుంటూ నడిచివచ్చే కథానాయకుణ్ణి.

నేను కోప్పడటం లేదు బాబూ. మీరు 'నేనున్నాను' అనే అర్థంలోనే పంపి ఉంటారు. కానీ ఆమె అడిగింది దారి. నవ్వకండి అని ముందే చెప్పి మరీ అడిగింది. ఆ తర్వాత రెండు రోజులు సందేశాలు రాలేదని, ఫోను పాడైందేమో అనుకున్నానని మీరే రాశారు. ఫోను బాగానే ఉండి ఉంటుంది.

మా అమ్మ సంగతి చెబుతాను. అమ్మకు నవలలంటే ప్రాణం. వారపత్రిక రావడం ఒక రోజు ఆలస్యమైతే వీధిలోకి వెళ్లి నిలబడేది. అటువంటి మనిషి రాయగడ వచ్చాక మందు సీసా పట్టుకుని, ఏడేళ్ల నన్ను పిలిచి "దీని మీద ఏమని ఉందే?" అని అడిగేది. నేను బడిలో ఒడియా నేర్చుకుంటున్నాను కదా. ఒకసారి పార్వతీపురం వెళ్లవలసినవాళ్లం గుణుపురం బస్సెక్కాం. నేను కిటికీ పక్కన చోటు కోసం పరుగెత్తి బోర్డు చూడలేదు, అమ్మ చూసినా లాభం లేదు. టిక్కెట్టు దగ్గర తెలిసింది. దారిలో దిగిపోయి, చింతచెట్టు కింద కూర్చుని, సాయంత్రం వెనక్కి వచ్చే బస్సు పట్టుకుని ఇల్లు చేరాం. నాన్నగారికి చెప్పవద్దని నాకు ఇరవై పైసలు ఇచ్చింది. నేను చెప్పలేదు. ఇన్నేళ్లకు ఇదే మొదటిసారి బయటపెట్టడం. అమ్మ భయపడింది దారి తప్పినందుకు కాదని నాకు పెద్దయ్యాక తెలిసింది. అంత చదువుకున్న మనిషి, చదువు రానిదానిలా నిలబడవలసి వచ్చినందుకు.

నిజమే, మీ బరంపురంలో ఇంగ్లిషు బోర్డులకు కొదవలేదు, కొట్లో సగంమంది తెలుగులో బేరమాడతారు. అయినా పల్లె బస్సు నొసటి మీద, ప్రభుత్వం పంపే కాగితం మీద, వీధిలో పంచే కరపత్రం మీద ఉండేది ఒడియానే. అంటే మాఘం దాటాక అక్షరాలు రానిది ఎవరికి? ఈ లెక్క మీరు వేసుకోలేదు. మీ దగ్గర లేనిది తన దగ్గర ఉంది, తన దగ్గర లేనిది మీ దగ్గర ఉంది. తన సంగతి తను చెప్పేసింది కూడా.

చెప్పాలని నిర్ణయించుకుంటే ఎలా చెప్పాలన్నది మీ ఇష్టం. ఫోనులో మాట్లాడి చెప్పవచ్చు. కానీ మీ గొంతు సంగతి తెలుసు కాబట్టి, కంగారులో అది సినిమా గొంతైపోతే అమ్మాయి నవ్వేస్తుంది, మీరు అసలు మాట మింగేస్తారు. తణుకు వెళ్లి ఎదురుగా చెప్పవచ్చు, చుట్టూ బావమరిది ఉంటాడు. మామగారికి ముందు చెప్పి ఆయన చేత చెప్పించడం మాత్రం వద్దు. మీ ఇద్దరి సందేశాల సంగతి ఆయన దాకా వెళితే ఆ అమ్మాయి మిమ్మల్నీ క్షమించదు, ఆయన ముఖమూ చూడలేదు. నన్నడిగితే కాగితం మేలు. ఫోను చేత రాయించకుండా, మీ చేత్తో. అక్షరాలు వచ్చాక రాద్దామని ఆగనవసరం లేదు, చూసి గీయండి చాలు. ముగ్గు వేసేవాళ్లు చుక్కలు లెక్కపెట్టుకుంటారే, అలాగే.

దానికి మూడు చిన్న వాక్యాలు కింద ఇస్తున్నాను. మీకు వేరే మాటలు తోస్తే నానమ్మను అడిగి అవే రాయించుకోండి, ఇవే ఉండాలని లేదు. ఒకసారి విని ఫోను బోర్లా పెట్టేయండి, తర్వాత తెర మీద చూసి కాగితం మీద దించుకోండి. వంకరగా వస్తే రానివ్వండి, కొట్టివేతలు కూడా ఉంచి ఫొటో తీసి పంపండి.

మా ఊరి బోర్డులు నేను చదివి పెడతాను. నీ మాటలు చదవడం నాకు రాదు. ఇన్ని రోజులూ దాచాను.

మొత్తం రెండే ఒత్తులు, 'బోర్డులు'లో ఒకటి, 'ఇన్ని'లో ఒకటి. 'చదవడం' చివర ఉన్నది సున్నా బాబూ, ఠ కాదు.